ఆపరేషన్ తేదీ పడగానే చెప్పాల్సిన రెండు సంగతులు

(సమాఖ్య వార్షికోత్సవం సందర్భంగా బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో జరిగిన కుటుంబ సమ్మేళనంలో ఆరోగ్య ఉపసంఘం చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో నూలు ధరల గురించి, రుణాల గురించి, పిల్లల చదువుల గురించి, పెళ్లి సంబంధాల గురించి మాట్లాడుకోవడం అలవాటు. ఈసారి పెద్దలు మాకు అరగంట ఇచ్చి ఆరోగ్యం గురించి చెప్పమన్నారు. అరగంటలో పది విషయాలు చెబితే ఇంటికెళ్లేసరికి ఒక్కటీ గుర్తుండదు. అందుకని ఒకే మాట తెచ్చాం.

ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ చేయాలని డాక్టరు అన్న రోజునే రెండు సంగతులు ఆయన చెవిన వేయాలి. ఒకటి, పొగాకు ఏ రూపంలోనైనా ఒంట్లోకి వెళ్తోందా అన్నది. రెండు, ఒంటికి ఏవి పడవు అన్నది. ఈ రెండూ ఆపరేషన్ ముందు రోజు రాత్రి చెబితే డాక్టరు చేయగలిగేది తక్కువ. నెల ముందు చెబితే ఆయన చేతిలో కాలం ఉంటుంది. ఆ నెల రోజులు ఎందుకు కావాలో, మన చేనేత ఇళ్లకు ఈ మాట ఎందుకు ఎక్కువ అవసరమో చెప్పడమే ఇవాళ మా పని.

ఊరు నుంచి వైట్‌ఫీల్డ్ దాకా

మనం కూర్చున్న ఈ వైట్‌ఫీల్డ్ 1882లో మైసూరు మహారాజు ఇచ్చిన భూమిలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాల కోసం వెలసిన చిన్న ఊరు. ఇప్పుడు మన పిల్లలు కంప్యూటర్ల ముందు కూర్చునే ఊరు. 2001 జనవరిలో ఇక్కడ శ్రీ సత్యసాయి ఉన్నత వైద్య విజ్ఞాన సంస్థ మొదలై గుండె, మెదడు, వెన్ను ఆపరేషన్లు డబ్బు తీసుకోకుండా చేస్తోంది. ఆ చుట్టుపక్కల పెద్ద పెద్ద ప్రైవేటు ఆసుపత్రులూ వచ్చాయి. 2023 మార్చిలో మెట్రో కూడా వచ్చింది. దాంతో ధర్మవరంలో, హిందూపురంలో, సిరిసిల్లలో, షోలాపూర్‌లో ఉన్న అమ్మానాన్నలకు మోకాలు అరిగినా, నడుం పట్టినా, గుండె ఇబ్బంది పెట్టినా పిల్లలు అనే మాట ఒకటే: "మా దగ్గరికి వచ్చేయండి, ఇక్కడ చూపిద్దాం."

మంచిదే. కానీ ఆసుపత్రి కౌంటర్ దగ్గర ఏం జరుగుతుందో చూడండి. కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. కొడుకో కోడలో కూతురో అల్లుడో నింపుతారు. "ధూమపానం?" అన్న చోట పెద్దాయన వైపు చూడకుండానే "లేదు" అని టిక్కు. "అలర్జీ?" అన్న చోట "తెలియదు" అని టిక్కు. పెద్దాయన పక్కనే ఉంటాడు. అల్లుడి ముందు "నాకు ఖైనీ అలవాటు బాబూ" అనలేడు. పెద్దమ్మ కోడలి ముందు ముక్కుపొడి డబ్బీ సంగతి ఎత్తదు. ఆ రెండు టిక్కులతో కాగితం మత్తు డాక్టరు దగ్గరికి వెళ్తుంది.

ఇందులో ఎవరూ చెడ్డవాళ్లు కారు. అడగాల్సిన ప్రశ్న సరిగ్గా అడగలేదు, చెప్పాల్సిన మాట చెప్పే చోటు దొరకలేదు, అంతే. కానీ ఆ ఖాళీ గాయం మీద, ఊపిరి మీద పడుతుంది.

"సిగరెట్ తాగుతారా?" అన్న ప్రశ్న చాలదు

2016–17లో కేంద్ర ప్రభుత్వం జరిపించిన పెద్దల పొగాకు సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవాళ్లలో 28.6 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. పొగ తాగేవాళ్లు 10.7 శాతం. పొగ లేని పొగాకు, అంటే నమిలేది, దవడన పెట్టుకునేది, పీల్చేది వాడేవాళ్లు 21.4 శాతం. తాగేవాళ్లకు సరిగ్గా రెట్టింపు. అంటే "సిగరెట్ తాగుతారా?" అని మాత్రమే అడిగితే పొగాకు వాడేవాళ్లలో ఎక్కువమంది నిజాయితీగానే "లేదండీ" అంటారు.

మన ఇళ్లలో పొగాకుకు ఎన్ని పేర్లో ఒకసారి లెక్కపెట్టండి. బీడీ, చుట్ట, సిగరెట్. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పు నోటిలోపలికి పెట్టుకుని తాగే అడ్డపొగ. ఖైనీ, గుట్కా, జర్దా కిళ్లీ, ముక్కుపొడి. మగ్గం మీద నూలు, పట్టు పరుచుకుని ఉన్నప్పుడు నిప్పు దగ్గరికి రానివ్వకూడదు కాబట్టి పొద్దంతా పనిలో ఉన్న మనిషి దవడన ఇంత పెట్టుకోవడమో, ముక్కున ఇంత పట్టించడమో చేస్తాడు. "నేను తాగను, ఊరికే దవడన పెట్టుకుంటా" అనే మాట మనం ఎన్నిసార్లు వినలేదు? ఒంటికి మాత్రం ఆ తేడా అంతగా తెలియదు. ఏ దారిన వచ్చినా నికోటిన్ నికోటినే.

నికోటిన్ గాయాన్ని ఏం చేస్తుంది

మన భాషలో చెప్పుకుందాం. ఒక అచ్చు అయిపోగానే పాత పడుగు కొసలకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే అతుకుతాం. అతుకు గట్టిగా పడితేనే నేత సాగుతుంది. వందల పోగుల్లో నాలుగు వదులైనా గుడ్డ మీద కనబడుతుంది. ఆపరేషన్ గాయం మానడం కూడా అతుకు పనే. కోసిన చోట చర్మం, కండ, ఎముక తిరిగి కలవాలి. ఆ పనికి కావాల్సిన సరుకు, అంటే ప్రాణవాయువు, పోషకాలు, సూక్ష్మక్రిములతో పోరాడే కణాలు, ఇవన్నీ సన్నటి రక్తనాళాల ద్వారానే అక్కడికి చేరతాయి.

నికోటిన్ ఆ సన్న నాళాలను బిగిస్తుంది. గుండె వేగాన్ని, రక్తపోటును పెంచుతుంది. సరుకు కావాల్సిన వేళకే దారి ఇరుకైపోతుంది. ఇక పొగ కూడా తోడైతే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. రక్తంలో ప్రాణవాయువును మోసుకెళ్లే హిమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. బండ్లు ఉంటాయి, కానీ సరుకు ఎక్కడానికి చోటుండదు.

అందుకే పొగాకు వాడేవారిలో గాయం ఆలస్యంగా మానడం, కుట్లు విడిపోవడం, చీము పట్టడం ఎక్కువ. వెన్నులో ఎముకలను కలిపే ఆపరేషన్ చేసినప్పుడు ఆ ఎముకలు సరిగ్గా అతుక్కోకపోయే ప్రమాదం ఎక్కువ. అందుకే వెన్ను డాక్టర్లు పొగాకు విషయంలో అంత పట్టుబడతారు. గుంట మగ్గంలో ముప్పై నలభై ఏళ్లు కూర్చుని నడుము నొప్పితో వచ్చే మనవాళ్లకు ఈ మాట నేరుగా తగులుతుంది.

ఊపిరి సంగతి వేరే. పొగ తాగేవారి ఊపిరి గొట్టాల్లో కఫాన్ని బయటికి తోసే సన్నటి నూగు మొద్దుబారి ఉంటుంది. మత్తు ఇచ్చినప్పుడు, ఇచ్చాక, కఫం అడ్డుపడి నిమ్ము చేసే అవకాశం పెరుగుతుంది. స్పిన్నింగ్ మిల్లుల్లో ఏళ్ల తరబడి పత్తి దుమ్ము పీల్చినవారికి బిస్సినోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు రావచ్చు. వారపు సెలవు తర్వాత పనిలోకి వెళ్లిన మొదటి రోజున ఛాతీ బిగపట్టినట్టు ఉండటం దాని గుర్తు. దాని మీద పొగ కూడా తోడైతే ఊపిరి మరింత దెబ్బతింటుంది. రంగుల అద్దకంలో పొడి రంగులు కలిపినప్పుడు పిల్లికూతలు వచ్చేవాళ్లూ మనలో ఉన్నారు. అదీ మత్తు డాక్టరుకు తెలియాలి.

గుట్కా, వక్క నమిలేవారికి ఇంకో ఇబ్బంది. ఏళ్లు గడిచేకొద్దీ బుగ్గల లోపలి పొర గట్టిపడి నోరు తెరుచుకోవడం తగ్గిపోతుంది. పూర్తి మత్తు ఇచ్చేటప్పుడు నోటి గుండా ఊపిరి గొట్టం వేయాలి. నోరే తెరుచుకోకపోతే ఎలా? ఇంటి దగ్గరే చూసుకోండి. మీ మూడు వేళ్లు నిలువుగా ఒకదాని మీద ఒకటి పెట్టి నోట్లో పట్టిస్తే పట్టాలి. పట్టకపోతే ఆ సంగతి ముందే చెప్పండి. డాక్టరు వేరే పద్ధతికి సిద్ధంగా ఉంటారు. బల్ల మీద పడుకోబెట్టాక తెలిస్తే అందరికీ కంగారే.

బీడీలు చుట్టే తల్లుల మాట

ఇది ఎక్కువమంది డాక్టర్లు అడగని, మనవాళ్లు చెప్పని సంగతి. సిరిసిల్ల, నిజామాబాద్, జగిత్యాల వైపు, అటు షోలాపూర్‌లో మన ఇళ్ల ఆడవాళ్లు ఎంతోమంది బీడీలు చుట్టి సంసారాలు నడిపారు. మగవాళ్లు మగ్గం మీద, సాంచాల మీద ఉంటే ఆడవాళ్ల ఒడిలో చాట, చాటలో తునికాకు, పొగాకు. ఇవాళ ఇక్కడ ఉద్యోగాలు చేస్తున్న పిల్లల్లో కొందరి ఫీజులు ఆ చాటలోంచే వచ్చాయి.

ఆ తల్లి జీవితంలో ఒక్క బీడీ తాగి ఉండదు. కానీ పొగాకులోని నికోటిన్ చర్మం గుండా కూడా లోపలికి వెళ్తుంది. చెమట చేతులతో, తడి ఆకుతో పని చేస్తే ఇంకా బాగా వెళ్తుంది. పొగాకు దుమ్ము ఊపిరిలోకీ పోతుంది. ఒంట్లోకి వెళ్లిన నికోటిన్ కోటినిన్ అనే పదార్థంగా మారి కొన్ని రోజుల పాటు రక్తంలో, మూత్రంలో ఉంటుంది. బీడీలు చుట్టేవారి మూత్రంలో ఈ కోటినిన్ కనబడుతుందని మన దేశంలో చేసిన పరిశీలనల్లోనే తేలింది.

ఇప్పుడు ఆలోచించండి. కొన్ని ఆపరేషన్లకు ముందు, ముఖ్యంగా వెన్ను ఆపరేషన్‌కో, చర్మం అతికే ఆపరేషన్‌కో ముందు, డాక్టర్లు ఈ కోటినిన్ పరీక్ష రాస్తారు. పొగాకు నిజంగా మానేశారా లేదా అని తెలుసుకోవడానికి. ఆ తల్లిని అడిగితే "నేను తాగను" అంటుంది. నిజమే. పరీక్షలో "ఉంది" అని వస్తుంది. అదీ నిజమే. మధ్యలో ఆమె అబద్ధం ఆడిందన్న చూపు ఒకటి పడుతుంది. ఆ చూపు ఆమెకు పడాల్సింది కాదు. "మా అమ్మ బీడీలు చుడుతుంది, పోయిన వారం దాకా చుట్టింది" అన్న ఒక్క వాక్యం ముందే చెబితే ఆ అవమానమూ ఉండదు, డాక్టరుకు లెక్కా సరిపోతుంది. ఆపరేషన్ అనుకున్న నాటి నుంచి చాట పక్కన పెట్టించడం కూడా మన బాధ్యతే. ఆ కొన్ని వారాల కూలి పిల్లలు చేతిలో పెట్టాలి. ఉత్త మాటతో "మానేయమ్మా" అంటే మానేయలేదు.

నాలుగు వారాల లెక్క

2020 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆస్ట్రేలియాలోని న్యూకాసిల్ విశ్వవిద్యాలయం, మత్తు వైద్యుల ప్రపంచ సమాఖ్య కలిసి ఒక మాట చెప్పాయి. ఆపరేషన్‌కు సుమారు 4 వారాలు, అంతకంటే ముందే పొగ మానేసినవారికి ఇబ్బందులు తక్కువ, ఆరు నెలల తర్వాత చూసినా ఫలితం మెరుగు. ఆ 4 వారాల తర్వాత పొగాకు లేకుండా గడిచే ఒక్కో వారం ఫలితాన్ని మరో 19 శాతం మెరుగుపరుస్తుందని కూడా చెప్పాయి. మా ప్రసంగానికి "నెల రోజులు" అన్న గడువు అక్కడి నుంచే వచ్చింది.

"దగ్గరపడ్డాక మానేస్తే కఫం పెరిగి ఇంకా ప్రమాదం అట కదా" అని కొందరు అంటారు. దానికి గట్టి ఆధారం లేదు. ఒకటి రెండు రోజులు మానినా కార్బన్ మోనాక్సైడ్ దిగిపోయి రక్తం ప్రాణవాయువును బాగా మోస్తుంది. నెల దొరికితే నెల, వారం దొరికితే వారం, ఒక్క రోజే దొరికితే ఆ ఒక్క రోజు. ఆపరేషన్ అయ్యాక గాయం మానేదాకా కూడా అంతే. "అయిపోయింది కదా, ఒక్కటి" అని గేటు బయటికి వెళ్లడం అన్నిటికంటే చెడ్డది. అతుకు పని అప్పుడే మొదలవుతుంది మరి.

నలభై ఏళ్ల అలవాటు ఒక్క మాటతో పోదు. కోపం వస్తుంది, నిద్ర పట్టదు, చేయి జేబు వైపు పోతుంది. దానికి సహాయం ఉంది. పొగాకు ప్యాకెట్ల మీదే ఉండే ప్రభుత్వ ఉచిత నంబరు 1800-11-2356. మన బెంగళూరు నిమ్హాన్స్ నుంచి కూడా ఈ సేవ నడుస్తుంది, తెలుగులో మాట్లాడేవాళ్లు ఉంటారు. నికోటిన్ చూయింగ్ గమ్, ఒంటికి అంటించే నికోటిన్ ప్యాచ్ కూడా డాక్టరు రాయవచ్చు. వాటిలో పొగ ఉండదు, కార్బన్ మోనాక్సైడ్ ఉండదు, కాబట్టి బీడీ కంటే ఎన్నో రెట్లు మేలు. అయితే వాటిలోనూ నికోటిన్ ఉంటుంది, కోటినిన్ పరీక్షలో అది కనబడుతుంది. కాబట్టి సొంతంగా కొనుక్కుని వాడకుండా, ఆపరేషన్ చేసే డాక్టరుకు చెప్పి వాడాలి.

ఒంటికి పడనివి: ఏ పరీక్ష దేనికి

ఇక రెండో సంగతి. ఇక్కడ ఒక తికమక ఉంది, ముందు అది తీర్చుకుందాం. నికోటిన్ ప్యాచ్ అంటే మందు. ప్యాచ్ టెస్ట్ అంటే పరీక్ష. రెండూ ఒంటికి అంటించేవే గానీ ఒకదానికొకటి సంబంధం లేదు. ఆసుపత్రిలో "ప్యాచ్" అనగానే ఏది అని అడగండి.

ఇంకో తికమక. యాంటీబయాటిక్ ఇంజెక్షన్‌కు ముందు చేతి మీద కొంచెం మందు ఎక్కించి చూస్తారు. అది ప్యాచ్ టెస్ట్ కాదు. అలర్జీ రెండు రకాలు. ఒకటి నిమిషాల్లో వచ్చేది: దద్దుర్లు, పెదాలు వాయడం, ఊపిరి ఆడకపోవడం, బీపీ పడిపోవడం. ప్రాణం మీదికి వచ్చేది ఇదే. పెన్సిలిన్, కొన్ని నొప్పి మాత్రలు, రబ్బరు గ్లౌజుల్లోని లేటెక్స్, చర్మం శుభ్రం చేసే క్లోర్‌హెక్సిడిన్ లాంటివి కొందరికి ఇలా చేస్తాయి. దీన్ని ప్యాచ్ టెస్ట్ పట్టుకోదు. దీనికి వేరే పరీక్షలున్నాయి. అన్నిటికంటే ముఖ్యం, "ఫలానా ఇంజెక్షన్ వేస్తే ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయి" అని మీరు చెప్పే మాట.

రెండో రకం నిదానంగా, ఒకటి రెండు రోజులకు వచ్చేది: తగిలిన చోట ఎర్రబడి, దురద పెట్టి, నీరు కారి, చర్మం పొలుసులు రేగడం. ఇమిటేషన్ చెవిపోగులు పెడితే చెవి తమ్మె పుండు కావడం, గడియారం అడుగున చర్మం రేగడం, జుట్టుకు నల్ల రంగు వేస్తే నుదురు, కళ్లు వాయడం, బొట్టు బిళ్ల పెట్టిన చోట తెల్లమచ్చ రావడం, గాయం మీద వేసిన ఆయింట్‌మెంట్‌కే గాయం పెద్దదవడం, ప్లాస్టరు తీసిన చోట అచ్చు గుద్దినట్టు ఎర్రబడటం. ప్యాచ్ టెస్ట్ ఈ నిదానపు అలర్జీ కోసం. 1895లో జర్మన్ చర్మ వైద్యుడు యోసెఫ్ యాడాసోన్ మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఇప్పటికీ ఇదే ఆధారం.

మన వృత్తికి దీంతో పని ఎక్కువ. అద్దకం రంగుల్లో చేతులు పెట్టినవారికి, క్రోమియం కలిసిన రసాయనాలు వాడినవారికి, పాలియెస్టర్ రంగులతో పని చేసినవారికి, రబ్బరు గ్లౌజులు వేసుకుని అద్దకం చేసినవారికి, పొగాకు చుట్టి వేళ్లు చిట్లినవారికి చర్మపు అలర్జీ వచ్చే అవకాశం మామూలువారి కంటే ఎక్కువ. జుట్టు రంగు పడనివారిలో కొందరికి అదే జాతికి చెందిన కొన్ని బట్టల రంగులు, బెంజోకెయిన్ వంటి పైపూత మత్తుమందులు కూడా పడవు. "అద్దకం చేసినన్నాళ్లూ చేతులు రేగేవి, మానేశాక తగ్గింది" అన్న మాట చర్మ డాక్టరుకు చాలా విలువైన సమాచారం.

పట్టు గురించి కూడా ఒక మాట. గాయం కుట్టడానికి వాడే నల్లటి పట్టుదారం మనం నేసే పట్టే. మనం పట్టును ఉడకబెట్టి జిగురు తీసినట్టే దానికీ సెరిసిన్ అనే జిగురు తీసేస్తారు. ఎందుకంటే కొందరికి ఆ జిగురే పడదు. పట్టుగూళ్ల నుంచి దారం తీసే పనిలో తుమ్ములు, ఆయాసం, దద్దుర్లు వచ్చినవారు మీలో ఉంటే ఆ సంగతి కూడా చెప్పండి. కుట్టడానికి వేరే దారాలు ఎన్నో ఉన్నాయి.

ప్యాచ్ టెస్ట్ ఎలా చేస్తారు

వీపు పైభాగాన చిన్న చిన్న గిన్నెల లాంటివి ఉన్న ప్లాస్టర్లు అంటిస్తారు. ఒక్కో గిన్నెలో ఒక్కో పదార్థం: నికెల్, కోబాల్ట్, క్రోమియం, జుట్టు రంగులోని రసాయనం, రబ్బరులో కలిపేవి, నియోమైసిన్, నైట్రోఫ్యూరజోన్ లాంటి పైపూత మందులు, పైన్ చెట్టు బంక నుంచి తీసే రోజిన్, సువాసనలు. మన దేశానికి తగినట్టు కూర్చిన వరుస ఒకటి ఉంది. సూది ఉండదు, రక్తం తీయరు. 48 గంటలు ఉంచి తీస్తారు. తీసిన రోజు ఒకసారి, మళ్లీ ఒకటి రెండు రోజులకు ఇంకోసారి చూస్తారు. లోహాలకు, కొన్ని మందులకు వారం నాడు కూడా చూడాల్సి రావచ్చు.

అన్నాళ్లూ వీపు తడవకూడదు. నూనె రాయకూడదు. చెమట పట్టే పని చేయకూడదు. స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి, అవి పరీక్షను మరుగుపరుస్తాయి. అలాగని సొంతంగా ఆపేయకూడదు. ఒళ్లంతా రేగి ఉన్నప్పుడు పరీక్ష చేయరు, తగ్గేదాకా ఆగాలి. ఇదంతా లెక్క వేస్తే రెండు మూడు వారాలు ఇట్టే అయిపోతాయి. పొగాకుకు నాలుగు వారాలు, దీనికి రెండు మూడు వారాలు, రెండూ అదే నెలలో సరిపోతాయి. ముందు రోజు రాత్రి మాత్రం ఏదీ సరిపోదు.

"అయితే మోకాలు మార్పిడికి ముందు అందరూ ఈ పరీక్ష చేయించుకోవాలా?" అక్కర్లేదు. లోహం తగిలితే చర్మం రేగిన చరిత్ర స్పష్టంగా ఉన్నవారికే చేయించమని చర్మ వైద్యుల సాధారణ అభిప్రాయం. విరిగిన ఎముకకు వేసే స్టీలు ప్లేట్లలో పది శాతానికి పైగా నికెల్ ఉంటుంది. మోకాలి కీలులో వాడే లోహంలో ఎక్కువ భాగం కోబాల్ట్, క్రోమియం, కొద్ది పాళ్లలో నికెల్. పరీక్షలో నికెల్ పడదని వచ్చినా వేసిన కీలు పాడైపోతుందని అర్థం కాదు. చాలామందికి ఏమీ కాదు. కానీ ముందే తెలిస్తే టైటానియం వంటి వేరే లోహం, పైపూత ఉన్న కీలు లాంటి దారులు డాక్టరు ఆలోచించగలరు. అలాగే ఏ ప్లాస్టరు, ఏ ఆయింట్‌మెంట్ వాడకూడదో తెలుస్తుంది. ఆపరేషన్ తర్వాత గాయం దగ్గర ఎర్రబడితే అది చీమా, అలర్జీయా అన్న గందరగోళం తగ్గుతుంది.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నాం. ప్రమాదం జరిగినప్పుడు, గుండెపోటు వచ్చినప్పుడు, పేగు మెలిపడినప్పుడు నెల రోజుల లెక్క లేదు. పరీక్షల కోసం ఆగకూడదు. అప్పుడు కూడా ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పడం మాత్రం తప్పదు.

జేబులో ఒక చీటీ

ఇవన్నీ గుర్తుపెట్టుకోవడం కష్టం. అందుకని ఊళ్లో ఉన్నప్పుడే, రైలెక్కక ముందే, ఒక చీటీ రాయించండి. తెలుగులోనే రాయించండి. ఇక్కడ చదివిపెట్టడానికి మేమున్నాం. అందులో ఇవి ఉండాలి:

1. చేసిన పనులు, ఎన్నేళ్లు: మగ్గం, సాంచా, అద్దకం, మిల్లు, పట్టు తీయడం, బీడీలు.
2. పొగాకు: ఏ రూపం, రోజుకు ఎంత, చివరిసారి ఎప్పుడు. చేతితో ముట్టే పని అయితే అదీ.
3. నోరు మూడు వేళ్ల మేర తెరుచుకుంటుందా.
4. ఆయాసం, పిల్లికూతలు, సెలవు తర్వాతి రోజు ఛాతీ బిగింపు.
5. పడని ఇంజెక్షన్లు, మాత్రలు. పేరు తెలియకపోతే పాత చీటీ, ఖాళీ స్ట్రిప్పు.
6. పడని నగలు, గడియారం, జుట్టు రంగు, బొట్టు బిళ్ల, ప్లాస్టరు, ఆయింట్‌మెంట్, రబ్బరు గ్లౌజులు.
7. ఇప్పుడు వాడుతున్న మందులన్నీ, నాటు మందులు, పైపూతలతో సహా.
8. ఇంతకు ముందు ఒంట్లో వేసిన ప్లేట్లు, స్క్రూలు, పళ్ల కప్పులు.

పిల్లలకు మా మనవి. కాగితం నింపేటప్పుడు "అలవాట్లేమైనా ఉన్నాయా నాన్నా?" అని అందరి ముందూ అడగకండి. అలా అడిగితే లేవనే అంటారు. మత్తు డాక్టరు చూసేటప్పుడు ఐదు నిమిషాలు మీరు బయట కూర్చోండి. భాష ఇబ్బంది అయితే మా ఉపసంఘం సభ్యులు, తెలుగూ కన్నడమూ వచ్చినవాళ్లు, లోపలికి తోడు వస్తారు. ఆడవాళ్లకు ఆడవాళ్లే వస్తారు. అక్కడ విన్నది అక్కడే వదిలేస్తారు, కోడలికీ చెప్పరు, కొడుక్కీ చెప్పరు.

పెద్దలకు మా మనవి. "ఇన్సూరెన్స్ వాళ్లకు తెలిస్తే ఎలా", "అల్లుడు ఏమనుకుంటాడో" అన్న బెంగ ఉంటుంది, కాదనం. కానీ మత్తు డాక్టరుకు చెప్పేది మీ పరువు లెక్క కాదు, మీ ప్రాణం లెక్క. మీరు దవడన పెట్టుకున్నది ఆయన్ను ఆశ్చర్యపరచదు. తెలియకపోవడమే ఆయన్ను ఇబ్బంది పెడుతుంది.

మన చేతులు జీవితమంతా ఇతరుల ఒంటి మీదికి గుడ్డ నేశాయి. ఆ చేతులు ఏ రంగులో మునిగాయో, ఏ ఆకు చుట్టాయో, దేనికి చిట్లాయో ఏ ఆసుపత్రి కాగితంలోనూ గడి ఉండదు. ఆ గడి మనమే గీసుకుని, మనమే నింపి తీసుకెళ్లాలి. ఈ డిజిటల్ సంచికలో ఉన్న ఆ ఎనిమిది వరుసలను ఫోన్‌లో దాచుకోండి, ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు ఈ రాత్రికే పంపండి, చదివి వినిపించండి.

 జై చేనేత!